మంచం పట్టినవాళ్లను చూడబోయే సంఘాలకు బహిరంగ లేఖ

ఒంగోలు, కనిగిరి, కందుకూరు, కావలి, నెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో సేవ చేస్తున్న పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాల్లోని అమ్మలకు, అక్కలకు ప్రభువు నామంలో వందనాలు.

ఆదివారం మందిరానికి రాలేనివాళ్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయినవాళ్లు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరుగుతున్నవాళ్లు, తుంటి ఎముక విరిగి మంచం దిగలేని ముసలమ్మలు, కన్నబిడ్డల పేర్లు కూడా గుర్తులేని తాతలు. వీళ్లకు సంఘమంటే తమ గడప తొక్కిన ఆ నలుగురే. దేవుడు ప్రేమిస్తున్నాడన్న మాట వీళ్లకు ప్రసంగంలో వినపడే దారి లేదు. మంచం పక్కన కూర్చున్నవాళ్ల మాటతీరులో వినపడాలి.

అందుకే ఒక్కటి అడుగుతున్నాం. రోగి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ మనిషి విశ్వాసాన్ని తూకం వెయ్యకండి. "విశ్వాసముంటే ఈపాటికి లేచి తిరిగేవాడివి", "ఏదో పాపం ఒప్పుకోకుండా దాచిపెట్టావు, అందుకే తగ్గట్లేదు" అనే మాటలు మన కూడికల్లో తేలిగ్గా దొర్లుతున్నాయి. అన్నవాళ్లు ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటారు. మంచంలో ఉన్న మనిషికి మాత్రం నొప్పికి తోడు, దేవుడు తనను వదిలేశాడన్న దిగులు కూడా వచ్చి చేరుతుంది.

వాక్యం ఏం చెబుతోందో పెద్దలు మీకు తెలియంది కాదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే ప్రభువు రెండూ కాదన్నాడు (యోహాను 9). పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది (2 కొరింథీ 12). పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడ్డాడు (ఫిలిప్పీ 2). త్రోఫిము రోగిగా ఉంటే పౌలు అతణ్ని మిలేతులోనే విడిచి వెళ్లాడు (2 తిమోతి 4:20). ఎందరినో స్వస్థపరిచిన అపొస్తలుడే తన తోటి పనివాణ్ని జబ్బుతోనే ఒక ఊళ్లో వదిలి రావలసి వచ్చింది. ఆ వచనంలో త్రోఫిము విశ్వాసం మీద ఒక్క నింద లేదు. ఈ ఒక్క వచనాన్ని మన పరామర్శ బృందాలన్నిటికీ నేర్పించాలని మా కోరిక.

యోబు స్నేహితులనూ తలుచుకుందాం. వాళ్లు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్లు చేసింది మంచిపనే. నోరు విప్పి కారణాలు వెతకడం మొదలుపెట్టాకే చెడింది.

ఇక వెళ్లే పద్ధతి. ఇద్దరో ముగ్గురో చాలు. పదిహేనుమంది ఆటోలో దిగితే ఆ ఇంటి కోడలు పొయ్యి ముందు టీ పెడుతూ ఉండిపోతుంది, ప్రార్థనలో కూర్చోలేదు. రోగి స్త్రీ అయితే బృందంలో స్త్రీ తప్పనిసరి. ముందురోజే ఫోన్ చేసి ఏ వేళ వీలో అడగండి. డయాలసిస్ అయిన రోజు మనిషి నీరసించి పడి ఉంటాడు, ఆ రోజు వద్దు. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల ఇళ్లలో కూడిక పెట్టొద్దు. ఉదయం పదిలోపో, సాయంత్రం ఐదు దాటాకో వెళ్లండి. ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు. మనం కూర్చున్నంతసేపూ మూత్రానికి వెళ్లాలన్నా చెప్పలేక బిగబట్టుకునేవాళ్లున్నారు. మైకు, బాక్సు, డోలక్ ఇంటిదగ్గరే వదిలేయండి.

మంచం దగ్గరికి వెళ్లగానే కుర్చీ లాక్కుని రోగి కళ్లకు ఎదురుగా, ఆయన ముఖం ఎత్తులో కూర్చోండి. చుట్టూ నిలబడి వంగి మాట్లాడితే పడుకున్న మనిషికి ఊపిరాడనట్టుంటుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ఒక పక్క చూపు ఆనదు, ఏ పక్క కూర్చోవాలో ఇంట్లోవాళ్లను అడగండి. మాట పడిపోయినంత మాత్రాన అర్థం కావట్లేదనుకోవద్దు. చాలామందికి అన్నీ అర్థమవుతూనే ఉంటాయి. వాళ్ల ఎదుటే "ఇంక ఎన్నాళ్లో పాపం" అనుకోవడం అన్నిటికంటే క్రూరమైన పని. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు చెయ్యి నొక్కమని చెప్పి మాట్లాడించండి.

కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము, మోకాళ్లు, మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్లున్నారు. వాళ్లను మోకాళ్లూనమని అడగొద్దు. కళ్లు మూసి తల వంచమన్నా మెడ వంగదు. పడుకున్నచోటి నుంచే వాళ్లు చేసిన ప్రార్థన దేవుడు వింటాడని వాళ్లతో పైకి చెప్పండి, ఎందుకంటే మోకరించలేకపోతున్నామన్న నొచ్చుకోలు వాళ్లలో చాలా ఉంటుంది.

ప్రార్థన మొదలుపెట్టే ముందు "దేవుణ్ని ఏం అడగమంటారు?" అని రోగినే అడగండి. మనం కాళ్లు రావాలని ప్రార్థిస్తాం, ఆయనకేమో కూతురి పెళ్లి బెంగ. మనం ఆయుష్షు అడుగుతాం, ఆమెకు రాత్రి నిద్ర పడితే చాలు. అడిగిందే ప్రార్థనలో పెట్టండి, పేరు పెట్టి ప్రార్థించండి, మూడు నిమిషాల్లో ముగించండి. స్వస్థత అడగడం మానమని మేము అనడం లేదు, ధైర్యంగా అడగండి. అడిగాక రోగి వైపు తిరిగి "లే, నడువు" అని పరీక్ష పెట్టొద్దు. తుంటి విరిగిన మనిషి ఆ ఊపులో లేవబోయి పడితే రెండో తుంటి కూడా విరుగుతుంది.

కీర్తనల్లో 23, 121 అందరూ చదువుతారు. 13, 42, 130 కూడా చదవండి. బాగా కుంగిపోయిన మనిషికి 88వ కీర్తన చదవడానికి భయపడొద్దు. అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, చివర ఓదార్పు లేదు. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడని తెలిస్తే, ఏడుస్తూ ప్రార్థించడం అవిశ్వాసం కాదని ఆ మనిషికి అర్థమవుతుంది. మతిమరుపు ఉన్నవాళ్ల దగ్గర కొత్త పాటలు వద్దు. వాళ్లు చిన్నప్పుడు పాడిన కీర్తన ఎత్తుకోండి. మనుషుల్ని గుర్తుపట్టలేని పెద్దలు కూడా రెండో చరణానికి పెదవులు కదుపుతారు.

మందుల సంగతి కొంచెం విపులంగా చెప్పాలి. ప్రాణాలు పోతున్నది ఇక్కడే.

ప్రార్థన అయ్యాక ఒళ్లు తేలికపడిందని మాత్రలు ఆపేసేవాళ్లున్నారు. కొన్నిచోట్ల ఆపడమే విశ్వాసమని చెప్పేవాళ్లూ ఉన్నారు. బీపీ మాత్ర ఆపితే వెంటనే ఏమీ తెలియదు. తలనొప్పి కూడా రాకుండానే బీపీ లోపల్లోపల పెరిగి, ఒకరోజు మూతి వంకరపోతుంది, చెయ్యి ఎత్తలేరు, మాట ముద్దగా వస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చెయ్యాలి. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, ఎంత ముందైతే అంత మేలు. పాస్టరుగారు వచ్చి నూనె రాసేదాకా ఆగితే ఆ సమయం పోతుంది. ప్రార్థన అంబులెన్సులో కూర్చుని చేయండి.

టీబీ మందు రెండు మూడు వారాలు పడగానే దగ్గు, జ్వరం తగ్గుతాయి. క్రిములు మాత్రం లోపల ఇంకా ఉంటాయి. మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. మధ్యలో ఆపితే ఆ మందులకు లొంగని టీబీగా తిరిగొస్తుంది, ఇంట్లో పసిపిల్లలకూ అంటుకుంటుంది. మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వైద్యం నడిచినన్నాళ్లూ తిండి ఖర్చుకు నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేసే పథకం కూడా ఉంది. అది అందుతోందో లేదో ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోవడం కూడా పరామర్శే.

మూర్ఛ మాత్ర ఆపడం ఇంకా ప్రమాదం. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వస్తాయి. దాన్ని దయ్యమని గట్టిగా పట్టుకుని గద్దిస్తూ గంటసేపు గడిపితే మెదడు దెబ్బతింటుంది. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం, నీళ్లు పోయడం వద్దు. పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి, తల కింద ఏదన్నా మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా 108.

ఉపవాస ప్రార్థనలకు షుగరున్నవాళ్లు వస్తారు. ఇన్సులిన్ వేసుకునో, మాత్ర మింగో వచ్చి మధ్యాహ్నందాకా ఏమీ తినకపోతే షుగరు పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. దాన్ని ఆత్మ తాకిడి అనుకుని చుట్టూ చేరి స్తుతించేవాళ్లు ఉన్నారు. ఆ మనిషికి ఆ క్షణాన కావలసింది మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కూడిక మొదట్లోనే పాస్టరుగారు "షుగరున్నవాళ్లు టిఫిన్ తిని రండి, మీ ఉపవాసం టీవీతోనో ఫోన్‌తోనో చేయండి" అని వేదిక మీద చెబితే ఎవరికీ చిన్నతనం ఉండదు. ఆ మాట మనం చెబితే వినరు, ఆయన చెబితే వింటారు.

మందు వాడటం అవిశ్వాసమని ఎవరన్నా వాదిస్తే రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయం తీయండి. జబ్బుపడ్డ రాజు హిజ్కియా ప్రార్థన దేవుడు విన్నాడు, పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. అదే అధ్యాయంలో ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. స్వస్థత సాక్ష్యం చెప్పినప్పుడల్లా "డాక్టరు ఆపమనేదాకా మందు మాత్రం ఆపొద్దు" అని కాపరి ఒక్క వాక్యం కలిపితే దేవుని మహిమకు ఏ లోటూ రాదు.

నూనె సంగతి. యాకోబు పత్రిక 5:14 ప్రకారం పెద్దలు నూనె రాసి ప్రార్థిస్తారు. నుదుటి మీద వేలితో రాస్తే చాలు. పడక పుండ్ల మీద, కాలిన గాయం మీద, ఆపరేషన్ కుట్ల మీద పోయొద్దు, చీము పడుతుంది. ప్రార్థించిన నూనె అని తాగించొద్దు. మింగే శక్తి లేనివాళ్లకు అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది.

వెళ్లేటప్పుడు చేతిలో ఏం పట్టుకెళ్లాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. మన వైపు రోగిని చూడబోతే కొబ్బరి బోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు అలవాటు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఇవే విషం. వాటిలోని పొటాషియం ఒంట్లోంచి బయటికి పోక గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. వాళ్లకు రోజుకు ఇన్ని నీళ్లేనని డాక్టరు కొలత పెట్టి ఉంటాడు. మనం బలవంతపెట్టి తాగించిన గ్లాసుడు మజ్జిగ కూడా ఆ కొలతలోకే వస్తుంది. పచ్చళ్లు, అప్పడాలు దాహం పెంచుతాయి. షుగరున్నవాళ్లకు బిస్కెట్లు, హార్లిక్స్ డబ్బాలు వద్దు. తినేది తీసుకెళ్లే ముందు ఇంట్లోవాళ్లను అడగండి. డయాలసిస్‌కు పోయొచ్చే ఆటో ఖర్చో, పెద్ద సైజు డైపర్ల ప్యాకెట్టో, నాలుగు పాత నూలు దుప్పట్లో ఇస్తే అంతకంటే పనికొస్తుంది.

నెలనెలా బల్ల (ప్రభురాత్రి భోజనం) ఇచ్చే ఆదివారం సాయంత్రమే రొట్టె, ద్రాక్షారసం ఈ ఇళ్లకు చేరాలి. వారాల తరబడి ఆలస్యమైతే తాము సంఘంలో లేమనే అనుకుంటారు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఇచ్చే ముందు, నీళ్లు తాగితే పొలమారుతోందా అని అడగండి. పొలమారకపోతే వీపు వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, సెనగగింజంత రొట్టెముక్క రసంలో నానబెట్టి నాలుక మీద, పనిచేసే పక్కన పెట్టండి. మింగారని చూశాకే మిగతా మాట. ఆ తరవాత అరగంట పడుకోబెట్టొద్దు. పొలమారుతుంటే నోట్లో పెట్టకుండా పెదవులకు తాకించి ఆపేయండి. తిన్న ముక్క పరిమాణాన్ని బట్టి ప్రభువు తన బల్లకు లెక్క చూడడు.

రోగి పక్కనే ఇంకొక మనిషి ఉంటుంది, మనం ఆమెను చూడం. రాత్రింబగళ్లు ఎత్తి, కడిగి, తిప్పి పడుకోబెట్టే భార్యో, కోడలో, కూతురో. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. లేకపోతే మడమలు, నడుము కింద ఎముక, తుంటి, భుజం రెక్కల దగ్గర రక్తం ఆడక చర్మం చీకిపోతుంది. మొదట ఎర్రమచ్చ వస్తుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టు. ఆ చోట రుద్దొద్దు, మాలిష్ చెయ్యొద్దు, బరువు పడకుండా చూసి నర్సుకు చూపించాలి. మధ్యలో బొక్క ఉన్న రింగు దిండు కంటే గాలి పరుపు మేలు. సంఘం ఒక గాలి పరుపు, ఒక చక్రాల కుర్చీ కొని ఉంచుకుంటే ఒక ఇంటి తరవాత ఇంకొక ఇంటికి పనికొస్తాయి. రాత్రిపూట రెండు గంటలకొకసారి లేచే మనిషికి వారం తిరిగేసరికి కళ్లు తేలిపోతాయి. స్త్రీల సమాజంలో ఇద్దరు వారానికొక మధ్యాహ్నం మూడు గంటలు రోగి దగ్గర కూర్చుంటే ఆమె తలస్నానం చేసి నిద్రపోతుంది. ఆ మూడు గంటలూ ఆమెకు వాక్యం చెప్పకపోయినా పరవాలేదు, నిద్రపోనివ్వండి. ఏలీయా చచ్చిపోతానని బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్లు పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19).

మంచం దగ్గర విన్నది మంచం దగ్గరే ఉండాలి. టీబీ, హెచ్ఐవీ, గర్భం పోవడం, మతి చలించడం లాంటివి మైకులో పేరు పెట్టి ప్రార్థన విన్నపాలుగా చదవొద్దు. హెచ్ఐవీ ఉన్న సంగతి ఆ మనిషి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టమే నిషేధించింది. చట్టం లేకపోయినా మనకు ప్రేమ అడ్డు రావాలి. "పేరు చెప్పమంటారా, వద్దా?" అని అడిగి, వద్దంటే "ఒక సహోదరి" అని చాలించండి.

కానుకల మాట రాయకుండా ముగించలేం. రోగి ఇంట్లో కానుక తీసుకోవద్దు. ఒకటో తారీఖు పింఛను అందిన మర్నాడే పరామర్శకు వెళ్లడం చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. కుష్ఠురోగి నయమాను స్వస్థపడి కానుక తెస్తే ప్రవక్త ఎలీషా ప్రమాణం చేసి మరీ వద్దన్నాడు (2 రాజులు 5). ఎలీషా పనివాడు గేహజీ వెనక పరుగెత్తి రెండు తలాంతుల వెండి, రెండు దుస్తుల బట్టలు తెచ్చుకున్నాడు, నయమాను కుష్ఠు అతనికి అంటుకుంది. దేవుడు ఊరకే ఇచ్చినదానికి వెల కట్టినందుకే ఆ శిక్ష.

ఈ విషయంలో మన నేలకు ఒక గొప్ప ఆనవాయితీ ఉంది. 1876 నుంచి 1878 దాకా కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోరినవాళ్లు వేలల్లో ఉన్నా, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సహాయం పంచడం ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన సంఘాల్లో ఎన్నో ఆ వేరునుంచి వచ్చినవే. అన్నానికి షరతు పెట్టని సంఘం వైద్యానికీ, పరామర్శకూ షరతు పెట్టకూడదు. పక్కింటి హిందూ, ముస్లిం కుటుంబంలో రోగి ఉన్నా వెళ్లండి. ప్రార్థన చేయమంటారా అని అడిగి, వద్దంటే నొచ్చుకోకుండా గాలి పరుపు ఇచ్చి రండి.

కాగితాల పనీ సేవే. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు ఎన్టీఆర్ భరోసా పింఛను ఉంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావలసినచోట దానికి స్లాటు తీసుకోవడం, రోగిని శిబిరానికి చేర్చడం, సచివాలయంలో అర్జీ పెట్టడం చదువుకున్న యవనస్థులు ఒక్క పూటలో చేయగల పనులు. ఇంట్లోవాళ్లు మాత్రం వీటికే నెలలు తిరుగుతున్నారు.

ఇవన్నీ గుర్తుండాలంటే రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కావాలి. ఒక్కో రోగికి ఒక్కో పేజీ: పేరు, వీధి, ఏ వేళ వీలు, తినకూడనివి, పొలమారుతుందా లేదా, ఆసుపత్రి తేదీ, బల్ల అందిన తేదీ, ఎవరు వెళ్లారు, ఇంటివాళ్లు ఏం అడిగారు. జబ్బు పేరు అందులో రాయొద్దు. పుస్తకం పాస్టరమ్మగారి దగ్గరో, నోరు జారని ఒక పెద్ద దగ్గరో ఉండాలి. మూడు వారాలుగా ఎవరూ వెళ్లని పేజీ ఏదైనా ఉంటే ఆ వారం మొదటి పరామర్శ ఆ ఇంటికే.

వచ్చే సంఘ కమిటీలో ఈ ఉత్తరం చదివి వినిపించండి. మీ సంఘంలో మందిరానికి రాలేనివాళ్లు ఎందరో ముందు పేర్లు రాయించండి. సంఘ పుస్తకంలో పేరుండి ఏడాదిగా కనపడనివాళ్లను "వెనకబడ్డవాళ్లు" అని కొట్టేసే ముందు, వాళ్లలో ఎవరు మంచంలో ఉన్నారో ఇంటికి వెళ్లి చూసి రండి.

ప్రభువు సేవలో మీ సహవిశ్వాసులం,
రోగుల పరామర్శ పని చేస్తున్న సంఘ సభ్యులం,
ప్రకాశం, నెల్లూరు జిల్లాలు